అక్షరం సరిగానే ఉంది, తెర మీదే తప్పుగా కనిపిస్తోంది: ఫాంట్లు, సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికి బహిరంగ లేఖ

ఫాంట్ డిజైనర్లకు, ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద, బ్రౌజర్ల మీద పనిచేసే ఇంజనీర్లకు, వెబ్‌సైట్లు, యాప్‌లు తయారుచేసే డెవలపర్లకు,

నమస్కారం.

నేను తెలుగు పేజీలు దిద్దే ప్రూఫ్ రీడర్ని. ఈరోజు ఫోన్లలో, కంప్యూటర్లలో తెలుగు చదువుకోగలుగుతున్నామంటే అది మీ పని వల్లే. ఆ సంగతి మరిచిపోయి ఈ లేఖ రాయడం లేదు. ఒకే ఫిర్యాదును మీలో మూడు వర్గాలకూ విడివిడిగా పంపాను. మూడు చోట్లా పని జరగలేదు. అందుకే అందరినీ కలిపి అడుగుతున్నాను.

జరిగింది ఇది. పిల్లలు స్క్రీన్ మీద చదువుకునే ఒక పాఠాన్ని నేను దిద్దాను. అందులో "కింది పదాలకు అర్థం రాయండి" అని ఒక వాక్యం ఉంది. పాఠం బయటికి వెళ్ళిన కొన్నాళ్ళకు ఒక టీచర్ స్క్రీన్‌షాట్ పంపించారు. "అర్థం అని ఉండాల్సిన చోట అర్ధం అని వేశారు. పిల్లలకు ఇదేనండీ మనం నేర్పేది?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే మూల ప్రతి తెరిచి చూశాను. అక్షరం సరిగానే ఉంది. నా స్క్రీన్ మీద చుక్కతో సహా కనిపిస్తోంది. ఆవిడ స్క్రీన్‌షాట్‌లో మాత్రం చుక్క లేదు.

తెలుగు చదవని ఇంజనీర్లు కూడా ఈ లేఖ చూస్తారన్న ఆశతో కాస్త వివరిస్తాను. అర్థం అంటే భావం. అర్ధం అంటే సగం. ఈ రెంటికీ తేడా ఒక్క చుక్క. ఆ చుక్క కూడా పెద్ద అక్షరంలో ఉండదు. ర కింద ఒత్తుగా చేరిన చిన్న థ పొట్టలో ఉంటుంది.

ఒక చిన్న లెక్క చూడండి. ఫాంట్‌ని 1000 యూనిట్ల చదరంలో గీశారనుకుందాం. ఒత్తులోని చుక్క వెడల్పు 40 యూనిట్లు అనుకుందాం. 16 పిక్సెళ్ళ సైజులో ఆ చుక్కకు దక్కేది 0.64 పిక్సెల్. అంటే ఒక్క పిక్సెల్ కూడా కాదు. అది సరిగ్గా ఒక పిక్సెల్ మధ్యలో పడితే బూడిద రంగు చుక్కగా అయినా కనిపిస్తుంది. నాలుగు పిక్సెళ్ళు కలిసే మూల మీద పడిందా, తలా కాస్త మరక పడి ఊరుకుంటుంది. ఆ టీచర్ స్క్రీన్‌షాట్‌ను 800 శాతానికి పెంచి చూస్తే సరిగ్గా అదే ఉంది. చుక్క ఉండాల్సిన చోట నాలుగు గళ్ళు పక్క గళ్ళ కన్నా ఓ పిసరు మసకగా ఉన్నాయి, అంతే. అదే పాఠం ఫోన్‌లో బాగా కనిపించింది. పిక్సెళ్ళు మూడింతలు ఉన్న తెర మీద అదే చుక్కకు దాదాపు 2 పిక్సెళ్ళు దక్కుతాయి కాబట్టి కనిపించింది.

ఇదంతా రాసి, స్క్రీన్‌షాట్లు జోడించి పంపాను. ఫాంట్ చేసినవారు "గీత సరిగానే ఉంది, అది ఆపరేటింగ్ సిస్టమ్ సమస్య" అన్నారు. ఆపరేటింగ్ సిస్టమ్ సపోర్ట్ వారు "ఫాంట్‌లో హింటింగ్ లేదు, ఫాంట్ చేసినవారిని అడగండి" అన్నారు. వెబ్‌సైట్ వారు "మా మెషీన్‌లో బాగానే వస్తోంది" అని టికెట్ క్లోజ్ చేశారు. తిలా పాపం తలా పిడికెడు అని పంచుకున్నా బాగుండేది. ఇక్కడ ఎవరూ పిడికెడు కూడా తీసుకోలేదు.

నిజానికి ముగ్గురు చెప్పినదాంట్లోనూ కొంత నిజం ఉంది. దాన్ని నేను తెలుసుకున్న మేరకు చెబుతాను, తప్పుంటే దిద్దండి.

హింటింగ్ అంటే ఫాంట్ ఫైల్‌లోనే దాగి ఉండే చిన్న చిన్న ఆదేశాలు. "ఈ సైజులో ఈ గీతను ఈ పిక్సెల్ వరస మీదికి జరుపు, ఈ ఖాళీని మూసుకుపోనివ్వకు" అని అవి చెబుతాయి. 1991లో ఆపిల్ ట్రూటైప్ అనే ఫాంట్ పద్ధతిని తెచ్చినప్పుడు, 1992లో విండోస్ 3.1 దాన్ని అందుకున్నప్పుడు తెరల మీద పిక్సెళ్ళు చాలా తక్కువ. అందుకే ఆ ఆదేశాలు అవసరమయ్యాయి. ఇప్పుడు ఒక్కో సిస్టమ్ వాటిని ఒక్కోలా పట్టించుకుంటోంది.

మ్యాక్ ఆ ఆదేశాలను అసలు పట్టించుకోదు. డిజైనర్ గీసిన ఆకారాన్ని ఉన్నదున్నట్టు నునుపు చేసి చూపిస్తుంది. పిక్సెళ్ళు దట్టంగా ఉన్న తెర మీద అది అందంగానే ఉంటుంది. కానీ 2018లో మోహావే అనే మ్యాక్ వెర్షన్‌తో సబ్‌పిక్సెల్ స్మూతింగ్ (పిక్సెల్‌లోని రంగు భాగాలను కూడా వాడి అంచులు నునుపు చేయడం) తీసేశాక, మామూలు మానిటర్ తగిలించుకున్నవాళ్ళకు సన్నని తెలుగు ఫాంట్లు వెలిసిపోయినట్టు కనిపిస్తున్నాయి.

విండోస్‌లో ఒకే కంప్యూటర్ మీద రెండు రకాల తెలుగు ఉంటుంది. అక్షరాలను తెర మీద గీసే పాత పద్ధతి పేరు జీడీఐ. అందులో క్లియర్‌టైప్ అనే స్మూతింగ్ అడ్డంగా మాత్రమే నునుపు చేస్తుంది, నిలువుగా చేయదు. నిలువు గీతలు ఎక్కువగా ఉండే లిపులకు అది సరిపోవచ్చు. మనది గుండ్రని లిపి. సున్నా పైభాగం, ల పొట్ట, మ తోక అన్నీ మెట్లు మెట్లుగా తేలుతాయి. 2009లో విండోస్ 7తో వచ్చిన కొత్త పద్ధతి డైరెక్ట్‌రైట్ నిలువుగా కూడా నునుపు చేయగలదు. క్రోమ్ 2014లో దానికి మారింది. పాత పద్ధతిలోనే ఉండిపోయిన అప్లికేషన్లు ఇంకా ఉన్నాయి. బ్రౌజర్‌లో బాగున్న వాక్యం వాటిలో పేస్ట్ చేయగానే గరుకుగా మారేది ఇందుకే.

లినక్స్‌లో అక్షరాలను గీసే పని ఫ్రీటైప్ అనే సాఫ్ట్‌వేర్‌ది. 2016లో వచ్చిన 2.7 వెర్షన్ నుంచి అది మామూలుగా అడ్డం దిశలోని హింటింగ్‌ను వదిలేసి, నిలువు దిశలోనిదే పాటిస్తుంది. అయితే అక్కడ వాడేవారు సెట్టింగ్‌లు మార్చుకోవచ్చు. అదే మంచి, అదే చిక్కు కూడా. హింటింగ్ పూర్తిగా ఆపి, స్వల్పంగా పెట్టి, పూర్తిగా పెట్టి ఆ 'అర్థం' మాటనే చూశాను. స్వల్పంగా పెడితే చుక్క మసకగా తెలిసింది. ఫాంట్‌లోని ఆదేశాలకు బదులు తానే హింటింగ్ చేసే ఆటోహింటర్‌తో పూర్తిగా పెడితే ఒత్తు పొట్ట మూసుకుపోయి నల్లటి ముద్ద అయింది. ఒకే ఫాంట్ ఫైల్, ఒకే మాట, ఒకే సైజు.

హింటింగ్ మీద నింద వేసే ముందు మిగతా వాటిని పక్కకు తీయడం కూడా అవసరం. సపోర్ట్ బృందాలు ఇక్కడే ఎక్కువగా తడబడుతున్నాయని నా అనుభవం. ఒత్తు కిందికి చేరకుండా పొల్లుతో విడిగా నిలబడినా, చుక్కలతో గీసిన వలయం కనిపించినా అది హింటింగ్ కాదు. అక్షరాలను కూర్చే షేపింగ్ ఇంజిన్ దగ్గరో, ఫాంట్‌లోని కూర్పు నియమాల దగ్గరో తేడా వచ్చింది. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో 6 సంకేతాలు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని ఒక్కటిగా కూర్చే నియమాలు ఫాంట్‌లో లేకపోతే ఏ ఆపరేటింగ్ సిస్టమూ ఏమీ చేయలేదు. ఒత్తు అడుగుభాగం కత్తిరించినట్టు కనిపిస్తే అది ఎత్తు కొలతల సమస్య. ఫాంట్ ఫైల్‌లో ఎత్తు, లోతు కొలతలు ఒక చోట కాదు, మూడు చోట్ల రాసి ఉంటాయి. మ్యాక్ ఒకటి చూస్తుంది, విండోస్ మరొకటి చూస్తుంది. మూడూ ఒకటి కాకపోతే ఒక చోట వరుసలు దూరంగా, మరో చోట ఒత్తులు తెగిపోయి వస్తాయి. ఒకే మాటలో రెండు అక్షరాలు రెండు రకాలుగా కనిపిస్తే, అడిగిన ఫాంట్‌లో ఒక అక్షరం లేక సిస్టమ్ వేరే ఫాంట్‌ను తెచ్చుకుందని అర్థం. ఇవేవీ కాకుండా ఆకారం సరిగా ఉండి, గీత మాత్రం మసకబారినా, ముద్దయినా, మెట్లు కట్టినా అప్పుడు హింటింగ్, స్మూతింగ్ దగ్గరికి వెళ్ళాలి. ఇంత తేలికగా విడదీయగలిగిన సమస్యను "ఫాంట్ ప్రాబ్లమ్" అనే ఒక్క డబ్బాలో పడేసి మూత పెట్టేస్తున్నారు.

దీనివల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో చెబుతాను.

1. చదువు నేర్చుకునే పిల్లలకు తప్పు అక్షరం అలవాటవుతోంది. థ, ధ మధ్య తేడా చుక్క. ర, ఠ మధ్య తేడా చుక్క. ద, ధ మధ్యా, డ, ఢ మధ్యా, చ, ఛ మధ్యా తేడా అడుగున ఒక చిన్న గీత. కథను కధ అని రాసేవాళ్ళు ఇప్పటికే కోకొల్లలు. తెర మీద చుక్క కనబడకపోతే పిల్లవాడు చూసింది చూసినట్టే రాస్తాడు. చుక్క పోయిన 'పాఠం' వాడికి 'పారం'గా కనిపిస్తుంది. పెద్దవాళ్ళం సందర్భాన్ని బట్టి సరిచేసుకుని చదువుతాం. వాడికి సందర్భం ఇంకా తెలియదు. వాడు అక్షరాన్నే నమ్ముతాడు.

2. చూపు మందగించిన పెద్దవాళ్ళు "నా కళ్ళే పోయాయి" అనుకుంటున్నారు. సన్నని గీతలు, తక్కువ సైజు, పాత మానిటర్ మూడూ కలిస్తే బాగా చూపున్నవాళ్ళకే కష్టం. పేజీ జూమ్ చేసుకోమని సలహా ఇస్తారు. జూమ్ చేస్తే వాక్యం తెర దాటి పోతుంది.

3. తెలుగును బొమ్మలుగా పంపడం అలవాటైపోతోంది. "మీ దగ్గర ఎలా కనిపిస్తుందో ఏమో" అన్న టెన్షన్‌తో నోటీసులు, పాఠాలు, సూచనలు ఇమేజ్‌గా మార్చి పెడుతున్నారు. ఆ బొమ్మను స్క్రీన్ రీడర్ చదవలేదు, అంటే చూపు లేనివారికి అది ఖాళీ కాగితం. మాట వెతికితే దొరకదు. కాపీ చేసుకోవడం కుదరదు. చుక్క సరిగా చూపించలేకపోయినందుకు వచ్చిన నష్టం ఇంత దూరం పోతోంది.

4. తప్పు రాసినవాళ్ళ మీద పడుతోంది. నన్ను అడిగిన టీచర్‌ది తప్పు కాదు, ఆవిడకు కనిపించింది అదే. కానీ ప్రూఫ్ దిద్దినవాళ్ళు, టైప్ చేసినవాళ్ళు, అనువదించినవాళ్ళు సంజాయిషీ చెప్పుకుంటూ కూర్చోవాల్సి వస్తోంది. ఆ రోజంతా నేను నాలుగు కంప్యూటర్ల మీద స్క్రీన్‌షాట్లు తీసి, నా అక్షరం సరైనదేనని రుజువు చేసుకున్నాను.

ఒక పాత సంగతి గుర్తుచేయాలి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లను పడగొట్టింది. జ్ఞ తరువాత కనిపించని ఒక సంకేతం, దాని వెనక దీర్ఘం, ఇదే ఆ అక్షరం. కొద్ది రోజుల్లోనే ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌కు 11.2.6 అప్‌డేట్ వచ్చింది. అంత త్వరగా దిద్దినందుకు సంతోషమే. ఆ అక్షరం ఎవరి ఫోన్‌నైనా పడగొట్టగలిగింది కాబట్టి దాన్ని అందరూ పట్టించుకున్నారు. చదివేవాడొక్కడికే నష్టం చేసే అక్షరాలకు మాత్రం నెలలు, ఏళ్ళు పడుతోంది. తలుచుకుంటే మీరు చేయగలరని ఆ వారం రుజువైంది. అందుకే గట్టిగా అడుగుతున్నాను.

మా కోరికలు ఇవి.

1. ఫాంట్ డిజైనర్లకు: మీ ఫాంట్‌ను విడుదల చేసే ముందు 12 నుంచి 20 పిక్సెళ్ళ సైజుల్లో, దట్టమైన పిక్సెళ్ళు లేని మామూలు మానిటర్ మీద, కనీసం విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లోనూ చూడండి. పెద్ద సైజులో పోస్టర్ మీద బాగున్న ఒత్తు పేరాలో బతకదు. ఒత్తులోని చుక్కను, అడుగు గీతను మామూలు అక్షరాన్ని కుదించినట్టు కుదించకండి. వాటిని కాస్త పెద్దవిగా, పొట్టలో ఖాళీ మిగిలేలా గీయండి. పాత అచ్చు అక్షరాల్లో పోత పోసినవాళ్ళు చిన్న సైజుకు వేరేగా చెక్కేవారు. ఆ జాగ్రత్త ఇప్పుడూ కావాలి. ఆటోహింటింగ్ వాడితే లాటిన్ (ఇంగ్లిష్ అక్షరాల) కొలతలతో కానిచ్చేయకండి. ఆ పని చేసే టీటీఎఫ్ ఆటోహింట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు లిపికి విడిగా ఏర్పాటు ఉంది, దాన్నే ఎంచుకోండి. చేతితో హింటింగ్ చేసే తీరిక లేకపోతే కనీసం ఏ సైజులో స్మూతింగ్ చేయాలో ఫాంట్ ఫైల్‌లో చెప్పే గాస్ప్ టేబుల్‌లో అన్ని సైజులకూ స్మూతింగ్ ఆన్ చేసి వదలండి. సరిగా లేని హింటింగ్ కన్నా అదే మేలు. మూడు చోట్లా ఎత్తు కొలతలు 'రాష్ట్రం', 'లక్ష్మి', 'స్త్రీ' లాంటి మాటల్లో కిందికి దిగే ఒత్తులకు సరిపోతున్నాయో లేదో చూడండి.

2. ఆపరేటింగ్ సిస్టమ్, బ్రౌజర్ బృందాలకు: ఒక్క మెషీన్ మీద చూసి "మాకు రాలేదు" అని క్లోజ్ చేయకండి. స్కేలింగ్ ఎంత, తెర పిక్సెళ్ళు ఎన్ని, ఏ ఫాంట్ నిజంగా వాడింది అని అడగండి, మేము చెబుతాం. మీ ఆటోమేటిక్ పరీక్షల్లో లాటిన్ వాక్యం పక్కన ఒక తెలుగు వాక్యం పెట్టండి, కొత్త వెర్షన్‌లో ఒక పిక్సెల్ మారినా మీకే ముందు తెలుస్తుంది. బోల్డ్ లేని తెలుగు ఫాంట్‌కు కృత్రిమంగా బోల్డ్ పులమడం ఆపే దారి చూడండి. మండలి, సూరన్న లాంటి ఫాంట్లు ఒక్క మందంలోనే ఉన్నాయి. వాటితో పెట్టిన శీర్షికకు బోల్డ్ తగిలిస్తే గీతలు ఉబ్బి, ఠ లోపలి చుక్క చుట్టూ ఉన్న ఖాళీ పూడిపోతుంది.

3. వెబ్, యాప్ డెవలపర్లకు: మీ చేతిలో ఉన్నది ఎక్కువ, ఖర్చయ్యేది తక్కువ. ఇంగ్లిష్ పేజీ కోసం బిగించిన వరుస ఎత్తును తెలుగుకు అలాగే వదిలేయకండి. సైజుకు 1.2 రెట్లు ఉంటే పై వరుస ఒత్తు కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. 1.6 పెట్టి చూడండి. పెట్టె దాటిన భాగాన్ని దాచేసే సెట్టింగ్ బటన్ల మీద పెట్టినప్పుడు 'కృ' వట్రుసుడి మిగిలిందో లేదో ఒక్కసారి చూడండి. మ్యాక్‌లో అక్షరాలను సన్నబరిచే ఫాంట్ స్మూతింగ్ లైన్‌ను ఎక్కడో చూసి కాపీ చేసి ఉంటారు, తెలుగు పేజీల్లోంచి తీసేయండి. ఫాంట్ ఫైల్ బరువు తగ్గించడానికి అక్షరాలు కోసేటప్పుడు కూర్పు నియమాలను కోసేయకండి. గూగుల్ నోటో ఫాంట్లలో తెలుగుకు యూఐ అనే వేరే రూపం ఎందుకు చేయాల్సి వచ్చిందో ఆలోచించండి. బటన్లలో, మెనూల్లో మన ఒత్తులకు చోటు చాలదని తెలిసే చేశారు. ఆ ఇరుకును మీ పేజీలోకి మళ్ళీ తేకండి.

4. ముగ్గురికీ కలిపి: ఫిర్యాదు మీది కాదనిపిస్తే, అది ఎవరిదో వారికి మీరే పంపండి. మామూలు పాఠకుడికి ఫ్రీటైప్ ఎవరిదో, డైరెక్ట్‌రైట్ ఎవరిదో తెలియాల్సిన పని లేదు. మీకు మీరు ఒకరికొకరు తెలుసు.

మా వైపు నుంచి చేయగలిగింది చేస్తాం. ప్రతి ఫిర్యాదుకు ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, బ్రౌజర్ లేదా అప్లికేషన్ పేరు, జూమ్ శాతం, కుదించని స్క్రీన్‌షాట్, అసలు అక్షరాల టెక్స్ట్ జోడిస్తాం. ఫొటో తీసి పంపం. పరీక్షకు వాక్యం లేదంటారని ఇక్కడే ఒకటి ఇస్తున్నాను, ఎవరైనా ఎక్కడైనా వాడుకోవచ్చు:

"కృష్ణ రాష్ట్రంలోని స్త్రీలకు కథ అర్థం చెప్పి, పాఠంలో అర్ధభాగం లక్ష్మి జ్ఞాపకంగా వైశిష్ట్యంతో ఛందస్సులో ఢంకా మోగినట్టు చదివింది."

వాక్యానికి భావం చూడకండి, అక్షరాల కోసం కూర్చాను. 16 పిక్సెళ్ళలో, మామూలు మందంలో, మామూలు తెర మీద ఇందులోని 'అర్థం'లో థ ఒత్తు, 'అర్ధభాగం'లో ధ ఒత్తు రెండూ వేరువేరుగా కనిపిస్తే చాలు. ఆ స్క్రీన్‌షాట్ మీ తదుపరి విడుదలతో పాటు చూపించమని అడుగుతున్నాను. ఆ టీచర్‌కు ముందుగా నేనే పంపిస్తాను.

ఇట్లు,
తెలుగు పేజీలు దిద్దే ఒక ప్రూఫ్ రీడర్